పాలు విరగ్గొడదాం, రండి!

ఇంట్లోనే చదువుకునే పిల్లలకు వంటిల్లే ప్రయోగశాల. లీటరు పాలు, రెండు నిమ్మకాయలు, పాత పంచె ముక్కతో తమిళనాడులోని ధర్మపురిలో సాగిన పాఠం ఇది.

పొద్దున్నే పొయ్యి మీద పెట్టిన పాలు విరిగాయంటే ఆ పూట ఇల్లంతా చిరచిరలాడుతుంది. కాఫీ ఉండదు. పాలబ్బాయిని ఒకరు తిట్టుకుంటారు, గిన్నె సరిగ్గా తోమలేదని ఇంకొకరు అంటారు, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టడం మరిచారని మరొకరు. గృహప్రవేశంలో పాలు పొంగించి మురిసిపోయే మనకు పొంగడం శుభం, విరగడం కీడు. విరిగినదాంట్లో గుప్పెడు చక్కెర వేసి దగ్గరగా కలియబెట్టి పిల్లల చేతిలో పెట్టే ఇల్లాళ్లు లేకపోలేదు. కానీ ‘ఇటు రా, ఈ గిన్నెలో ఏం జరిగిందో చూడు’ అని పిల్లల్ని పిలిచే ఇళ్లు ఎన్ని? తెల్లగా, చిక్కగా ఒక్కటిగా ఉన్న పాలు కళ్లముందే రెండుగా విడిపోతాయి. అంతకన్నా మంచి సైన్సు పాఠం ఏ వాచకంలో ఉంది?

ఆ పాఠాన్ని కావాలని పెట్టించే ఇల్లొకటి నాకు బాగా తెలుసు. మా అక్కది. వాళ్లుండేది ధర్మపురిలో. గోదావరి ఒడ్డున నరసింహస్వామి కొలువైన ధర్మపురి కాదు, తమిళనాడు ధర్మపురి. బెంగళూరు నుంచి సేలం వెళ్లే పెద్దరోడ్డు మీద కృష్ణగిరి దాటాక వస్తుంది. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి జిల్లా అయింది, 2004లో దీన్నుంచి కృష్ణగిరి వేరుపడింది. హోసూరు, డెంకణికోట వైపు తెలుగువాళ్లు ఎక్కువని అందరికీ తెలుసు. ఇటు ధర్మపురి వైపు కూడా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మెట్ట నేల. రాగి చేలు, చింతచెట్లు, మామిడి తోటలు, పాలక్కోడు వైపు టమాటా. పల్లెల్లో చాలా ఇళ్ల ముందు ఆవు కనిపిస్తుంది. పాలకు కరువు లేదు.

అక్కకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నోడికి ఏడు. ఇద్దరూ బడికి వెళ్లరు, ఇంట్లోనే చదువు. ‘మరి పరీక్షలో?’ అని చూసినవాళ్లంతా అడుగుతారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. అందులో ఇంటి చదువు ఊసే లేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయులు పూర్తిచేయొచ్చు, పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. ఈ దారి పట్టిన తల్లిదండ్రులు దేశవ్యాప్తంగా కలిసి 2012లో ‘స్వశిక్షణ్’ అనే సంఘం పెట్టుకున్నారు. అందరూ పిల్లల్ని బడి మాన్పించమని నేను అనడం లేదు. ఇక్కడ చెప్పబోయే పని బడికి వెళ్లే పిల్లలు ఆదివారం పూట హాయిగా చేసుకోవచ్చు. దానికి కావాల్సింది ఒక పూట తీరిక, పెద్దవాళ్ల నోటికి కాస్త అదుపు.

మెట్టనేల బడులు

చేతిపనితో చదువు చెప్పడం ధర్మపురికి కొత్త కాదు. నాగర్‌కూడల్ అనే ఊళ్లో ‘పువిదం’ ఉంది. ఆర్కిటెక్చర్ చదివిన మీనాక్షి ఉమేశ్, ఆమె భర్త 1990లలో ఇక్కడికి వచ్చి బీడుపడ్డ మెట్ట కొని స్థిరపడ్డారు. తమ పిల్లలకు తామే నేర్పుకోవాలనుకున్నారు. చుట్టుపక్కల పల్లెల పిల్లలు కూడా చేరారు. అది బడి అయింది. పొలంపని, మట్టిపని, వంట అక్కడ చదువు నుంచి వేరుగా ఉండవు. ఇదే జిల్లాలో కొండల నడుమ సిత్తిలింగి లోయ ఉంది. అక్కడ 1993లో డాక్టర్ రెజి జార్జ్, డాక్టర్ లలిత గిరిజనుల కోసం వైద్యం మొదలుపెట్టారు. ఆ లోయలోనే 2004లో ‘తులిర్’ అనే విద్యాకేంద్రం వచ్చింది. ఇంకొంచెం ఉత్తరానికి, కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర 1972లో డేవిడ్ హార్స్‌బరో మొదలుపెట్టిన నీల్‌బాగ్ బడి గురించి మన ఉపాధ్యాయుల్లో కొందరికైనా తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల తెలుగు మాట్లాడే పల్లెల పిల్లలు అక్కడ చదివారు. పరీక్షలు లేవు, శిక్షలు లేవు. వడ్రంగం ఉంది, మట్టిపని ఉంది, పాటలున్నాయి.

1937లో వార్ధాలో గాంధీజీ ‘నయీ తాలీమ్’ పేరుతో చెప్పిందీ ఇంచుమించు ఇదే. రాట్నమో మగ్గమో నడుపుతూ అందులోంచి లెక్కలు, భూగోళం, చరిత్ర నేర్చుకోవాలన్నారు. రాట్నం ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉండదు. పాలగిన్నె మాత్రం ఉంటుంది.

మూడో చెంచా

స్టీలు గిన్నెలో లీటరు పాలు. ఆవిన్ డెయిరీ ప్యాకెట్. పెద్దది గిన్నెలో థర్మామీటర్ పెట్టి నోటుబుక్కు దగ్గర కూర్చుంది. చిన్నోడు నిమ్మకాయలు పిండి, గింజలు తీసేసి, రసంలో అంతే నీళ్లు కలిపాడు. పాలు ఒక పొంగు వచ్చాక అక్క పొయ్యి ఆపింది. 85 డిగ్రీలకు దిగేదాకా ముగ్గురూ ఆగారు. ఈ ఆగడం కూడా పాఠమే. 90, 88, 87 అని చిన్నోడు గట్టిగా చదువుతుంటే తగ్గే అంకెల మీద వాడికి ఎంత పట్టు వచ్చిందో, ఏ వర్క్‌బుక్కూ అంత తేలేదు.

అప్పుడే వాళ్ల అవ్వ వంటింట్లోకి వచ్చింది. “ఏందే ఇది? మంచి పాలను చేతులారా విరగ్గొట్టేది ఏ శాస్త్రంలో ఉందే?” అంది. “సైన్సు శాస్త్రంలో అవ్వా. నువ్వూ కూచో” అన్నాడు వాడు. ఆమె పీట లాక్కుని కూచుంది, మొహం మాత్రం మాడ్చుకునే.

మొదటి చెంచా పడింది. మెల్లగా కలిపితే గిన్నె అంచున నలుసుల్లాంటివి కనబడ్డాయి, అంతే. రెండో చెంచాకు పాలు పలుకులు పలుకులుగా అయ్యాయి, నీళ్లు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. పెద్దది రెండూ రాసుకుంది. మూడో చెంచా పడగానే గిన్నెలో తెరలు విడిపోయాయి. తెల్లటి ముద్దలు ఒకవైపు, లేత ఆకుపచ్చ కలిసిన పసుపు నీళ్లు ఒకవైపు. “ఆగు, ఇంక పోయొద్దు” అంది పెద్దది. తల్లి చెప్పకుండానే. తేట నీళ్లు కనబడ్డాక పులుపు పోస్తే పనీర్ గట్టిపడి పుల్లగా అవుతుంది. అంతకుముందే ఆపేస్తే మాంసకృత్తులు నీళ్లలోనే మిగిలిపోతాయి.

ఆ క్షణంలో మా అక్క ఏమీ వివరించలేదు. ఏం జరిగిందనుకుంటున్నారు అని మాత్రం అడిగింది. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది.

“వెన్న వచ్చింది” అన్నాడు చిన్నోడు.

“అవునా? వెన్నను వేడిచేస్తే ఏమవుతుంది?”

“నెయ్యి.”

“అయితే చేసి చూడు.”

గరిటెలో చిన్న ముద్ద పెట్టి సన్నని సెగ మీద పట్టుకుంది అక్క. వాడు కళ్లార్పకుండా చూశాడు. కరగలేదు. చుట్టూ కాస్త నీరు వదిలింది, తర్వాత అంచులు ఎర్రబడ్డాయి. నెయ్యి రాలేదు. వెన్న కాదని వాడికి ఎవరూ చెప్పలేదు, గరిటె చెప్పింది. ఏడేళ్ల పిల్లాడు ఒక ఊహ చేశాడు, దాన్ని పరీక్షించాడు, తప్పని తేలితే వదిలేశాడు. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో జరిగేదీ ఇదే వరసలో. ‘అది వెన్న కాదురా, ప్రొటీన్’ అని తల్లి ముందే అనేసి ఉంటే వాడికి ఒక మాట వచ్చేది, ఈ అనుభవం పోయేది. తల్లిదండ్రులుగా మనం చేసే తొందరపాటు ఇక్కడే. జవాబు మన నాలుక చివర ఉంటుంది, ఆపుకోలేం.

వివరణ తర్వాత వచ్చింది, పెద్దది అడిగితే. ఆవుపాలలో దాదాపు 87 శాతం నీరే. మాంసకృత్తులు మూడు శాతం పైచిలుకు, అందులో సుమారు 80 శాతం కేసీన్. కేసీన్ పాలలో కంటికి కనబడని ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఆ ఉండలన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండటంతో ఒకదాన్నొకటి నెట్టేసుకుంటూ విడివిడిగా ఉంటాయి. పులుపు పడగానే ఆ ఆవేశం తగ్గిపోతుంది. ఇక నెట్టుకోవడానికేమీ ఉండదు, కలిసిపోయి ముద్దలవుతాయి. పోతూ పోతూ కొవ్వును తమలో చిక్కించుకుంటాయి. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, నీళ్లలో ఉండిపోతుంది. ఆ నీళ్లకు ఆకుపచ్చ ఛాయ ఇచ్చేది రైబోఫ్లేవిన్, మనం బి2 అని పిలిచే విటమిన్.

పంచె ముక్కలో వడకట్టి, చన్నీళ్లతో ఒకసారి కడిగి, మూటగట్టి, పళ్లెంలో పెట్టి పైన సన్నికల్లు పొత్రం ఉంచారు. అరగంటకు పలక తయారు. తూకం వేస్తే ఆవుపాల లీటరుకు 150 నుంచి 180 గ్రాములు వస్తుంది, గేదెపాలైతే 200 గ్రాములు దాటుతుంది. ‘లీటరు పాలు కిలో పైనే తూగుతాయి కదా, మిగతాదంతా ఎటు పోయింది?’ అని పెద్దది తేటను కూడా తూచింది. గిన్నెకు, గుడ్డకు అంటుకున్నది, ఆవిరైపోయింది లెక్కవేసుకుంది. ఆవిన్ నీలం ప్యాకెట్‌లో 3 శాతం కొవ్వు, నారింజ ప్యాకెట్‌లో 6 శాతం. ఒకే కొలతతో రెండూ విరగ్గొట్టి తూస్తే శాతాల పాఠం అక్కడికక్కడే అయిపోతుంది.

గేదెపాల మాట వచ్చింది కాబట్టి పిల్లలకు చెప్పాల్సిన కథ ఒకటుంది. గేదెపాలతో పాలపొడి చేయడం కుదరదని పాశ్చాత్య నిపుణులు కొట్టిపారేసిన రోజుల్లో గుజరాత్‌లోని ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా అనే ఇంజినీరు చేసి చూపించారు. 1955లో అక్కడ వర్గీస్ కురియన్ నడిపిన సహకార సంఘం ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత అదే గేదెపాలతో చీజ్ కూడా చేశారు. మనం ఇవాళ ‘అమూల్’ డబ్బా తెరిచి తినేది ఆ మొండితనం ఫలమే.

అదియమాన్ ఉసిరికాయ

రెండో వారం పాఠం ఇంకా బాగుంది. నిమ్మకాయే ఎందుకు, ఊళ్లో దొరికే పులుపులన్నీ వేసి చూద్దామన్నది పిల్లల ఆలోచన. నాలుగు గిన్నెల్లో గ్లాసెడు చొప్పున వేడిపాలు. ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో చింతపులుసు, ఒకదాంట్లో పులిసిన పెరుగు, నాలుగోదాంట్లో ఉసిరికాయ రసం.

ఉసిరికాయ వేయడానికి కారణముంది. ధర్మపురి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి తనకు దొరికిన, ఆయుష్షు పెంచే ఉసిరికాయను తాను తినకుండా కవయిత్రి ఔవయ్యార్‌కు ఇచ్చాడని సంగం సాహిత్యం చెబుతుంది. ‘పురనానూరు’లో ఈ సంగతి ఉంది. ఊరి పక్కనే అదియమాన్‌కోట్టై ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. అక్క వాళ్ల వీధిలో ఆడుకునే పిల్లలందరికీ తెలిసిన కథే ఇది. అందుకే ఉసిరి వేయకుండా ఊరుకోమన్నారు.

నిమ్మ అన్నిటికన్నా త్వరగా, శుభ్రంగా విరగ్గొట్టింది. చింతపులుసు కూడా విరగ్గొట్టింది కానీ ముద్దకు గోధుమరంగు వచ్చింది, పులుసు వాసన పోలేదు. పెరుగు నాలుగైదు చెంచాలు పట్టింది, ముద్ద మాత్రం అన్నిటికన్నా మెత్తగా వచ్చింది. ఉసిరి నెమ్మదిగా, సన్నటి పలుకులుగా విరిగింది, తింటే నాలుకకు వగరు. ఇది చేసేవాళ్లు ఇనుప మూకుడు వాడకూడదు, ఉసిరిలోని వగరు పదార్థాలు ఇనుము తగిలితే నల్లబడతాయి. పెరట్లో శంఖుపువ్వు ఉంటే నాలుగు నీలం పూలు వేడినీళ్లలో వేసి ఆ రంగునీళ్లను ఒక్కో పులుపులో కలిపి చూడండి. నిమ్మరసంలో గులాబీ రంగుకు తిరుగుతుంది, విరుగుడు తేటలో ఊదాగా ఆగిపోతుంది. ఎంత పులుపో రంగే చెబుతుంది. ఎనిమిదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు అని కంఠస్థం చేయించేది ఇదే.

నాలుగు ముద్దలూ రుచి చూశాక అవ్వ మొహం విచ్చుకుంది. “అయితే ఇది చెప్పండి. మా ఇంట్లో ఆవు ఈనినప్పుడు ముర్రుపాలతో జున్ను చేసేవాళ్లం. దాంట్లో పులుపు ఏమీ వెయ్యం. బెల్లం, మిరియం పొడి, యాలకులు, అంతే. ఆవిరి మీద పెడితే గడ్డకడుతుంది. మరి మామూలు పాలను రోజంతా కాచినా ఎందుకు గడ్డకట్టవు?”

ఆ రోజు అడిగిన ప్రశ్నల్లో ఇదే పెద్ద ప్రశ్న. ఆమె ఏ బడిలోనూ సైన్సు చదవలేదు. దీనికి మాత్రం పుస్తకాలు తీయాల్సి వచ్చింది. పాలలో మాంసకృత్తులు రెండు రకాలు. కేసీన్ వేడికి చలించదు, పులుపుకు లొంగుతుంది. రెండో రకం విరుగుడు తేటలో ఉండేవి. ఇవి వేడికి గట్టిపడతాయి, కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టే. మామూలు పాలలో ఇవి కొంచెమే. ఈనిన తొలి పాలలో, దూడకు రోగనిరోధకశక్తి ఇచ్చేవి ఇవే కాబట్టి, ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే జున్నుకు పొయ్యి చాలు, పనీర్‌కు పొయ్యితోపాటు నిమ్మకాయ కావాలి. దూడ కడుపు నిండాకే ముర్రుపాలు పిండుకోవాలని అవ్వ చేర్చింది. అది కూడా నోటుబుక్కులోకి ఎక్కింది.

దూడ మాటతో ఆలంబాడి ఆవుల సంగతి వచ్చింది. పెన్నాగరం తాలూకాలో కావేరి ఒడ్డున ఉన్న ఆలంబాడి పేరు మీద ఈ జిల్లాకు సొంత పశుజాతి ఉంది. ముదురు బూడిద రంగు, బలమైన దుక్కిటెద్దులు, పాలు మాత్రం తక్కువ. ట్రాక్టర్లు వచ్చాక ఈ జాతి తరిగిపోయింది. కారిమంగలంలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం ఈ జాతి కోసం పరిశోధన కేంద్రం నడుపుతోంది. ప్యాకెట్ పాలు ఏ ఆవువో, ఆ ఆవు ఇక్కడి ఆవు స్థానంలోకి ఎలా వచ్చిందో అడిగే పిల్లలు రేపు ఈ ప్రశ్నకు మనకన్నా మంచి జవాబు వెతుకుతారు.

మనవాళ్లు ఎందుకు చేయలేదు?

పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, కోవా... పాలతో ఇన్ని చేసిన మనం పాలు విరగ్గొట్టడానికి ఎందుకు వెనకాడాం? ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య దీని గురించి రాశారు. పాలను కావాలని విరగ్గొట్టడం మీద పూర్వం నిషేధం లాంటి భావన ఉండేదని, 17వ శతాబ్దంలో బెంగాల్‌లో స్థిరపడ్డ పోర్చుగీసువాళ్ల అలవాటుతో అది సడలిందని ఆయన అభిప్రాయం. బెంగాలీ మిఠాయిల్లోని ఛెనా, అంటే విరిగిన పాలముద్ద, ఆ తర్వాతి సంగతి. దేశమంతా ఒకేలా ఉందని కూడా అనలేం. జమ్మూలో కలారీ, హిమాలయాల్లో ఛుర్పీ అనే చీజ్‌లు, సూరత్‌లో పనీర్ పాతకాలం నుంచీ ఉన్నాయి. దక్షిణాదికి మాత్రం ఇది కొత్త పనే. ఇప్పుడు తమిళనాడులోనే కొడైకెనాల్‌లో, ఆరోవిల్‌లో మంచి చీజ్ తయారవుతోంది.

పిల్లలకు ఇంకా నచ్చేది పోలండ్ కథ. అక్కడి పాత తవ్వకాల్లో చిల్లులున్న మట్టిపెంకులు దొరికాయి. 1980లలో పీటర్ బొగుకి అనే పురావస్తు శాస్త్రవేత్త ఇవి చీజ్ వడకట్టే జల్లెడలై ఉంటాయని ఊహించాడు. నమ్మినవాళ్లు నమ్మారు, లేనివాళ్లు లేదు. 2012లో ఆ పెంకుల్లో ఇంకిపోయిన కొవ్వును పరీక్షిస్తే పాలకొవ్వు అని తేలింది. ఏడు వేల ఏళ్లకు పైబడిన జల్లెడలవి! ఊహకు, రుజువుకు మధ్య ముప్పై ఏళ్లు. చిన్నోడి ఊహకు, గరిటెలో రుజువుకు మధ్య రెండు నిమిషాలు. రెండిటిలోనూ జరిగిన పని ఒకటే.

ఈ విరుగుడుతో ఒకప్పుడు గుండీలు కూడా చేశారంటే పిల్లలు నమ్మరు. 1890ల చివర జర్మనీలో కేసీన్‌కు ఫార్మాల్డిహైడ్ కలిపి ‘గాలాలిత్’ అనే గట్టి పదార్థం చేశారు. గుండీలు, దువ్వెనలు, పెన్నులు దాంతో వచ్చాయి. ఇంట్లో ఫార్మాల్డిహైడ్ జోలికి పోవద్దు. వెన్న తీసిన పాలను వెనిగర్‌తో విరగ్గొట్టి, నీరంతా పిండి, పూసలు చేసి రెండుమూడు రోజులు ఆరబెడితే రాయిలా గట్టిపడతాయి. రంగులు వేసి దండ గుచ్చుకోవచ్చు.

పిజ్జా మీది చీజ్ ఎందుకు సాగుతుంది?

పనీర్ కరగలేదు కదా, పిజ్జా మీదది కరిగి సాగుతుందేం? ఈ ప్రశ్న వచ్చిందంటే రెన్నెట్ పాఠానికి వేళయినట్టే. ఇది పదేళ్లు దాటిన పిల్లలకు. రెన్నెట్ అంటే పాలను గడ్డకట్టించే ఎంజైమ్. పాతరోజుల్లో పాలుతాగే దూడ కడుపులోంచి తీసేవారు. 1960లలో జపాన్ శాస్త్రవేత్త కెయ్ అరిమ మట్టిలోని ఒక బూజులో అలాంటి పని చేసే ఎంజైమ్‌ను కనుగొన్నారు. ఇప్పుడు మన దేశంలో దొరికే శాకాహార రెన్నెట్ చాలావరకు ఆ దారిలో వచ్చిందే. 1990లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన, జన్యు సాంకేతికతతో తయారైన తొలి ఆహార పదార్థం కూడా రెన్నెట్ ఎంజైమే, కైమోసిన్.

పులుపు పోస్తే కేసీన్‌ను పట్టి ఉంచే కాల్షియం కరిగి నీళ్లలోకి పోతుంది, మాంసకృత్తులు బిగిసిపోతాయి, తర్వాత వేడి చేసినా నీరు వదలడమే తప్ప కరగవు. రెన్నెట్ పద్ధతిలో కాల్షియం చాలామటుకు నిలిచి ఉంటుంది. వేడి తగిలితే పట్టు సడలి సాగుతుంది.

ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కుంది. పాలు రాగానే పొంగించడం మనకు రక్తంలో ఉన్న అలవాటు. బాగా కాచిన పాలకు రెన్నెట్ సరిగా పట్టదు. వేడికి తేటలోని మాంసకృత్తులు వెళ్లి కేసీన్ మీద అంటుకుని ఎంజైమ్‌కు అడ్డుపడతాయి. దీన్నే ప్రయోగంగా మార్చండి. ఒకే ప్యాకెట్ పాలను రెండు భాగాలు చేసి, ఒకటి పొంగించి చల్లార్చండి, ఒకటి అలాగే ఉంచండి. రెండిటినీ 35 డిగ్రీలకు తెచ్చి, చల్లటి నీళ్లలో కలిపిన రెన్నెట్ ఒకే కొలతతో వేసి, ముప్పావుగంట కదపకుండా వదిలేయండి. కాచనిది కత్తితో గీస్తే నున్నగా చీలుతుంది. కాచినది మెత్తగా, చిదిమినట్టు ఉంటుంది. నెలలు నిలవుండే టెట్రాప్యాక్ పాలైతే ఇంకా అధ్వానం. చీలిన గడ్డను ఘనాలుగా కోసి, నెమ్మదిగా వేడిచేసి, వడకట్టి, ఉప్పు చల్లి బరువు కింద పెడితే తాజా చీజ్ వస్తుంది.

కాచని పాలన్నానని పాడి ఇంటి నుంచి తెచ్చిన పచ్చిపాలు వాడొద్దు. పచ్చిపాలతో బ్రుసెల్లోసిస్, క్షయ లాంటి జబ్బులు రావచ్చు. ప్యాకెట్ పాలు ముందే పాశ్చరైజ్ అయి వస్తాయి. పాడి పాలే వాడాలంటే గిన్నెను వేడినీళ్లలో పెట్టి, పాలు 63 డిగ్రీల దగ్గర అరగంట నిలిచేలా చూసుకుని తర్వాత చల్లార్చాలి. ఇక వేడి గిన్నె దించడం, వంపడం పెద్దవాళ్ల పని. చేసిన పనీర్, చీజ్ ఫ్రిజ్‌లో పెట్టి రెండుమూడు రోజుల్లో తినేయాలి.

చేయి తిరిగాక బజారు పనీర్‌ను కూడా పిల్లల చేతే పరీక్ష చేయించండి. చిన్న ముక్కను నీళ్లలో ఉడికించి, చల్లారాక మూడు చుక్కలు టింక్చర్ అయోడిన్ వేస్తే, పిండి కలిపి ఉంటే నీలం నలుపు రంగు వస్తుంది. ఆ ముక్క పారేయాలి, తినకూడదు. తమ ఇంటి పనీర్ మీదా ఇదే పరీక్ష చేసి రంగు మారకపోవడం చూస్తే, పోల్చి చూడటానికి ఒకటి పక్కన ఎందుకు ఉండాలో పిల్లలకు అర్థమవుతుంది.

నోటుబుక్కు తెలుగులో

అక్క ఇంట్లో ఈ ప్రయోగాల పుస్తకం తెలుగులో ఉంటుంది. 2006 చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి భాష అయింది. తమిళం ఆ పిల్లలకు ఊరి భాష, స్నేహితుల భాష, అది రావాల్సిందే. తెలుగు మాట్లాడటం ఇంట్లో వస్తుంది, రాయడానికే చోటు లేదు. కథలు రాయమంటే మొరాయించే చిన్నోడు ‘మూడో చెంచాకి తేట వచ్చింది’ అని ఎవరూ అడగకుండానే రాస్తాడు. ఒత్తులు తప్పుతాయి, పరవాలేదు. రాయడానికి వాడి దగ్గర ఒక సంగతి ఉంది. మాతృభాషలో ఊరికే వ్యాసం రాయమనడం కన్నా ఇది వందరెట్లు మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నాలుగైదేళ్ల పిల్లలతో మొదలుపెట్టేవాళ్లు పొయ్యి లేకుండా చేసుకోండి. గట్టి పెరుగును గుడ్డలో కట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వేలాడదీస్తే పొద్దుటికి మెత్తటి పెరుగు చీజ్. కాస్త ఉప్పు, జీలకర్ర పొడి కలిపి దోసె మీద రాయడం పిల్లలకే వదిలేయండి. ఆరేళ్లు దాటితే పనీర్. రెన్నెట్ ఆ తర్వాత.

తేటను మాత్రం పారబోయకండి. అవ్వ దాంతో రాగి సంగటి కెలికింది, మజ్జిగ పోసి చేసినంత కమ్మగా వచ్చింది. చపాతీ పిండి కలపడానికి, చారుకు పనికొస్తుంది. మొక్కలకు పోయాలంటే బాగా నీళ్లు కలిపే పోయాలి, పులుపు ఎక్కువైతే వేళ్లకు మంచిది కాదు. గ్లాసెడు తేటను సీసాలో పోసి మూతపెట్టి ఒక రోజు బయట ఉంచండి. పులుస్తుంది. మరునాడు పాలు విరగ్గొట్టడానికి నిమ్మకాయ బదులు అదే వేయొచ్చు. ఎన్ని చెంచాలు పట్టిందో రాసుకోవడం పిల్లల పని.